మాజీ భర్త పేరు మీద మన ఇంటికొచ్చే ఉత్తరాలు: ఏం చేయాలి?

మిర్యాలగూడ నుంచి అడిగిన అక్కకు. విడాకులై ఏడాది దాటినా ఆయన బ్యాంకు కవర్లు, కోర్టు కాయితాలు మీ ఇంటికే వస్తున్నాయన్నారు. వాటిని విప్పకండి, చింపకండి, కోపంతో దాచిపెట్టకండి. పరాయి ఉత్తరం దాచితే రెండేళ్ల దాకా జైలు అన్న నిబంధన, 1898 నాటి పాత పోస్టాఫీసు చట్టంతోనే పోయింది. అయినా కవర్లోని చెక్కో ఏటీఎం కార్డో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 కింద కేసవుతుంది.

అసలు చిక్కు పోస్ట్‌మన్ కవరు మీద రాసే ఒక్క మాటలో ఉంది. మీరు "మాకొద్దు" అంటే "రెఫ్యూజ్డ్" అని రాస్తాడు. చెక్ బౌన్స్ నోటీసుల్లో తిరస్కరిస్తే అందినట్టే లెక్క. పైగా ఆయన మీ ఇంట్లోనే ఉన్నాడని కాయితం మీద పడుతుంది. "ఇక్కడ ఉండట్లేదు, వెళ్లిపోయిండు" అని చెప్పి "లెఫ్ట్" అనే రాయించండి. సంతకం అసలే పెట్టొద్దు. సమన్లు కలిసుండే కుటుంబంలోని పెద్దవాళ్లకు ఇవ్వొచ్చు కాబట్టి, మీ సంతకం పడితే కలిసుంటున్నట్టే అర్థం చేసుకుంటారు. ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

కవరు మీద మీ పేరు కూడా ఉంటే సంగతి వేరు. ఆయన లోనుకు మీరు జామీను పడ్డా, సహ రుణగ్రహీత అయినా ఆ నోటీసు తప్పక తీసుకోండి, గడువులు మీకూ నడుస్తుంటాయి.

ఆయన మీ ఇంట్లో ఉండట్లేదని మీ పోస్టుమాస్టరుకు రెండు కాపీల్లో దరఖాస్తు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ఉత్తరాలను కొత్త అడ్రసుకు మళ్లించమని మాత్రం మీ మాజీ భర్తే అడగాలి, మీ సంతకం చెల్లదు. బ్యాంకుకు విడాకుల డిక్రీ కాపీతో రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. అప్పు వసూలుకొచ్చే రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఓటరు జాబితాలో ఆయన పేరు ఇంకా మీ ఇంటి నంబరు మీదే ఉంటే పేరు తీసేయమని కోరే ఫారం 7 నింపి బీఎల్‌వోకు (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వండి.

నోటీసులు అందించే కోర్టు అమీన్ మీ తలుపుకు నోటీసు అతికించి పోతే పీకేయొద్దు. ఫొటో తీసి, అందులోని కేసు నంబరు, వాయిదా తేదీ రాసుకుని నల్లగొండ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. ముందుగా న్యాయ సహాయ నంబరు 15100కు ఫోన్ చేసినా సరే. ఆ వాయిదా లోపలే, ఆయన ఈ అడ్రసులో లేడని వకీలుతో కోర్టులో మెమో (రాతపూర్వకంగా తెలిపే కాయితం) వేయించండి.