ఫెర్న్ ఆకు ఎక్కడ మాడిందో చూస్తే ఎందుకు మాడిందో తెలుస్తుంది

రోజూ నీళ్లు పోస్తూ, రెండు పూటలా ఆకుల మీద స్ప్రే చేస్తున్నా ఏసీ గదిలో ఉన్న మీ బోస్టన్ ఫెర్న్ కొసలు మాడిపోతున్నాయని, నీళ్లు ఇంకా పెంచాలో తగ్గించాలో తెలియడం లేదని రాశారు. ఆ రెండింటిలో ఏదో ఒకటి చేసే ముందు మొక్కను వేళ్ల ముద్దతో సహా కుండీలోంచి మెల్లగా బయటికి తీసి చూడండి. ఒక మొక్కను దాదాపు చంపుకున్న తరువాత నాకు అలవాటైన పని ఇది.

నా బోస్టన్ ఫెర్న్‌లోనూ సరిగ్గా ఇవే లక్షణాలు కనిపించాయి. పైమట్టి వేలికి తడిగానే తగిలేది, నీళ్లు పోసిన కొద్ది క్షణాలకే అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేవి, దాంతో కుండీ అంతా తడిసిందని నేను నిశ్చింతగా ఉండేదాన్ని. ఒకరోజు చోటు మార్చడానికి ఎత్తితే కుండీ ఖాళీ డబ్బాలా తేలిగ్గా వచ్చింది. బయటికి తీసి చూస్తే వేళ్ల ముద్ద పైన, పక్కల మాత్రమే చెమ్మ ఉంది, నడిమి భాగమంతా పొడిపొడిగా ఉంది. ఇలాంటి మొక్కలను సాధారణంగా పెంచే పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు) మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పీల్చుకోదు సరికదా, కుంచించుకుపోయి కుండీ గోడకు ఎడమవుతుంది. మనం పోసే నీరంతా ఆ సందులోంచి జారిపోతుంది. కుండీని నీళ్ల తొట్టిలో పెట్టి, బుడగలు రావడం ఆగేవరకు సుమారు అరగంట నాననిచ్చి, ఆ తరువాత నీరు బాగా కారిపోనిచ్చాను. అప్పుడు ఎత్తి చూసిన బరువు చేతికి గుర్తుండిపోయింది. ఈ రోజుకీ నీళ్లు పోయాలా వద్దా అన్నది కుండీని ఎత్తి చూసే నిర్ణయించుకుంటాను, వేలితో గుచ్చి చూసే పద్ధతి మానేశాను.

బయటికి తీసినప్పుడు ముద్ద తడితో బరువుగా ఉండి, కుళ్లిన వాసన వస్తుంటే సమస్య దీనికి పూర్తిగా విరుద్ధమైనదని అర్థం. అయితే ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. ఫెర్న్ వేళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ముదురు గోధుమ రంగులో, తీగల్లా సన్నగా ఉంటాయి కాబట్టి రంగును చూసి వేరుకుళ్లు అనుకోకూడదు. వేరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కినప్పుడు గట్టిగా ఉంటే మంచి వేరు, మెత్తగా నలిగి పైపొర ఊడివస్తే కుళ్లిన వేరు. కుళ్లిన వాటిని కత్తిరించి, నీరు నిలవని కొత్త మిశ్రమంలోకి మార్చడం తప్ప వేరే దారి లేదు. కుండీ కింది పళ్లెంలో నీరు నిలిచి ఉంటే ఎప్పటికప్పుడు పారబోయాలి.

వేళ్లు బాగుండి, మట్టి కూడా సమంగా చెమ్మగా ఉండి, అన్ని ఆకుల కొసలూ ఒకే తీరుగా కరకరలాడేలా ఎండుతుంటే పొడిగాలిని గాని, నీటిలోని లవణాలను గాని అనుమానించాలి. గాలి సంగతి తేల్చడానికి తేమను కొలిచే చిన్న మీటరు ఒకటి చాలు. గదిలో తేమ 40 శాతం కంటే తగ్గితే ఎక్కువ రకాల ఫెర్న్‌లు ఇబ్బంది పడతాయి, 50 దాటితే తేరుకుంటాయి. స్ప్రే గురించి మీకు నచ్చని మాట చెప్పక తప్పదు. ఆ తుంపర కొద్ది నిమిషాల్లోనే ఆరిపోతుంది, ఆ తరువాత గాలి ఎప్పటిలాగే పొడిగా ఉంటుంది. నేను నెలల తరబడి స్ప్రే చేసి సాధించింది కిటికీ అద్దం మీద మరకలు మాత్రమే. ఏసీ గాలి నేరుగా తగలని చోటికి మార్చడం, మొక్కలను గుంపుగా ఉంచడం, వీలైతే గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్ పెట్టడం, కిటికీ ఉన్న స్నానాల గదిలో ఉంచడం వంటివి దానికంటే ఎంతో మేలు చేస్తాయి.

లవణాలకు సాక్ష్యం కుండీ అంచున, మట్టి పైన పేరుకునే తెల్లటి పెచ్చు. పొదుపు చేస్తున్నానన్న సంతోషంతో ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీటిని కొంతకాలం నా మొక్కలకు పోశాను. శుద్ధి చేసిన నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ వదిలేసిన నీటిలోనే అన్న సంగతి ఆకుల కొసలు మాడిన తరువాత గాని నాకు తట్టలేదు. ఇటువంటప్పుడు కుండీ పరిమాణానికి మూడు నాలుగు రెట్ల మంచినీటిని నెమ్మదిగా పోసి, అంతా అడుగు నుంచి కారిపోనిస్తే పేరుకున్నది చాలావరకు కొట్టుకుపోతుంది. వాన నీరు దొరికితే అంతకంటే మంచిది లేదు. ఎరువు కూడా లవణమే కనుక, మొక్క చురుగ్గా పెరిగే కాలంలో నెలకొకసారి, డబ్బా మీద రాసిన మోతాదులో సగమో అంతకంటే తక్కువో ఇస్తే సరిపోతుంది.

కిటికీ వైపున్న ఆకుల మీద మాత్రమే పాలిపోయిన మచ్చలు పడి, అవి గోధుమ రంగుకు మారుతుంటే అది ఎండ దెబ్బ. అడుగున ఉన్న ముదురు ఆకులు ఒకటీ అరా పండి ఎండిపోవడం జబ్బు కాదు, వాటిని మొదలు దగ్గర కత్తిరించండి. చుట్ట విప్పుకోకముందే లేత ఆకులు నల్లబడుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా వేళ్లను పరీక్షించండి.

గోధుమ రంగు కనిపించగానే కంగారు పడనక్కరలేని సందర్భాలూ ఉన్నాయి. ఆకు అడుగున పురుగు పట్టిందనుకొని ఒక సాయంత్రమంతా కూర్చొని నేను గోటితో గీకి పారేసింది సిద్ధబీజాల గుంపులను, అంటే ఫెర్న్‌కు విత్తనాల బదులు ఉండే పొడిలాంటి బీజాలను! అవి ఈనెలకు ఇరువైపులా గాని, అంచుల వెంబడి గాని వరుసగా, సమాన దూరంలో ఉంటాయి. పొలుసు పురుగులైతే క్రమం లేకుండా కాడల మీద కూడా అంటుకుని ఉంటాయి, ఆకులు జిగురుగా తగులుతాయి. అలాగే స్టాగ్‌హార్న్ ఫెర్న్ మొదలు దగ్గర కవచంలా అతుక్కుని ఉండే ఆకులు గోధుమ రంగుకు మారడం సహజం, వాటిని పీకకూడదు. బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ ఆకుల మీద మాత్రం ఈనెల మధ్య హద్దు గీసినట్టు గోధుమ పట్టీలు కనిపిస్తే ఆకుల్లో ఉండే నులిపురుగులు కావచ్చు. అవి తడి ఆకుల మీదుగా ఇతర మొక్కలకు పాకుతాయి కాబట్టి ఆ మొక్కను వెంటనే వేరుగా పెట్టి, స్ప్రే మానేసి, తగ్గకపోతే వదులుకోవడమే మేలు.

మాడిన భాగం మళ్లీ పచ్చబడదు, కాబట్టి మీరు చేసిన మార్పు ఫలించిందో లేదో పాత ఆకులను చూసి తెలుసుకోలేరు. ఈ వారం వేళ్లను చూసి, వేళ్ల ముద్ద నడుమ ఎండి ఉంటే కుండీని నానబెట్టి, ఏసీ గాలికి దూరంగా జరపండి, నీటిని గాని ఎరువును గాని అప్పుడే మార్చకండి. ఇప్పుడు చుట్ట విప్పుకుంటున్న రెండు మూడు లేత ఆకుల కాడలకు వదులుగా దారం కట్టి ఉంచండి. నెల తరువాత ఆ ఆకుల కొసలు పచ్చగానే ఉంటే కారణం దొరికినట్టే, అవి కూడా మాడితే అప్పుడు నీటిలోని లవణాల వైపు చూడండి.