10 క్రోమోసోములు: 5 జతలా, ఒక గొలుసా?

సందేహం: ‘మగ ప్లాటిపస్‌లో 5 జతల లైంగిక క్రోమోసోములు క్షయకరణ విభజనలో ప్రత్యామ్నాయంగా విడిపోతాయి’ అని ఒక వ్యాసంలో చదివాను. ఈ వాక్యం సరైనదేనా?

సమాధానం: లెక్క సరిగానే ఉంది. మాటలే రెండుచోట్ల దారి తప్పించాయి. ముందుగా ఒక మాట: ప్లాటిపస్ గుడ్లు పెట్టే క్షీరదం. లైంగిక క్రోమోసోములంటే ఆడా మగా అన్నది తేల్చే ఎక్స్, వై క్రోమోసోములు. క్షయకరణ విభజనంటే వీర్యకణాలు, అండాలు తయారయ్యేటప్పుడు జరిగే కణవిభజన.

ఎడ్ల జత, చెప్పుల జత అన్నట్టు, ఒకదానికొకటి సరిపడే రెండింటిని జత అంటాం. ఆడ ప్లాటిపస్‌కు ఈ మాట చక్కగా అతుకుతుంది. దానిలో ప్రతి ఎక్స్‌కూ తనలాంటి మరో ఎక్స్ ఉంటుంది కాబట్టి అవి నిజంగా 5 జతలే. మగదాని సంగతి వేరు. మొదటి వై ఒక కొసన మొదటి ఎక్స్‌తోనూ, రెండో కొసన రెండో ఎక్స్‌తోనూ కలుస్తుంది. ఆ రెండో ఎక్స్ అవతలి కొస రెండో వైతో కలుస్తుంది. ఇలా 9 అతుకులతో 10 క్రోమోసోములూ ఒకే గొలుసవుతాయి. ‘జత’ అనగానే ఈ అతుకుల్లో నాలుగు పాఠకుడి కంటికి ఆనవు.

ప్లాటిపస్‌లాగే గుడ్లు పెట్టే క్షీరదమైన పొట్టిముక్కు ఎకిడ్నా దగ్గర ‘జత’ అన్న మాట పూర్తిగా చతికిలబడుతుంది. మగదానిలో ఎక్స్‌లు 5, వైలు 4. నాలుగున్నర జతలు అనలేం కదా! ‘9 క్రోమోసోముల గొలుసు’ అంటే ఏ ఇబ్బందీ లేదు. శృంఖలం అనక్కర్లేదు, ఆ మాటకు సంకెల అన్న అర్థమే ముందు తడుతుంది.

ఇక ‘ప్రత్యామ్నాయం’. ఒకదానికి బదులుగా వాడేది ప్రత్యామ్నాయం. ఇక్కడ బదులు ఊసే లేదు. గొలుసులో 1, 3, 5, 7, 9 స్థానాల్లోని ఎక్స్‌లు విడిపోతున్న కణంలో ఒక ధ్రువానికీ, అంటే ఒక కొసకూ, 2, 4, 6, 8, 10 స్థానాల్లోని వైలు రెండో ధ్రువానికీ పోతాయి. దీనికి తగిన మాట ‘ఏకాంతరం’. తేటగా చెప్పాలంటే ‘ఒకటి విడిచి ఒకటి’. రోజు విడిచి రోజు అంటామే, అలాగన్నమాట. నాకైతే ఈ రెండోదే ఇష్టం. జరిగే పని కళ్లకు కడుతుంది. ఈ వరుస తప్పి పక్కపక్కవి రెండూ ఒకే ధ్రువానికి చేరితే, వీర్యకణంలో ఎక్స్‌లూ వైలూ కలగాపులగమై పిండంలో జన్యువుల పాళ్లు చెడతాయి. అంత కీలకమైన చోట మాట తప్పుగా పడకూడదు.

భారతీయ ముంట్‌జాక్ జింకకూ ‘ఒకటి విడిచి ఒకటి’ అన్న మాటే నప్పుతుంది. మగదానిలో ఒక ఎక్స్ మధ్యన, రెండు వైలు అటూ ఇటూ ఉంటాయి. వైలు రెండూ ఒక ధ్రువానికి, ఎక్స్ రెండోదానికి పోవాలి.

‘క్షయకరణ విభజన’ను మార్చనక్కర్లేదు. క్షయమంటే తగ్గుదల, క్రోమోసోముల సంఖ్య సగానికి తగ్గే విభజన అది. మీ వాక్యాన్ని ఇలా రాసుకోవచ్చు: ‘మగ ప్లాటిపస్‌లో 10 లైంగిక క్రోమోసోములు క్షయకరణ విభజనలో గొలుసుగా ఏర్పడి, ఒకటి విడిచి ఒకటి చొప్పున రెండు ధ్రువాలకు చేరతాయి.’