30 థౌ బోర్ చేసిన ఫోర్డ్ 302ని డి క్లాస్‌లో ఎందుకు ఒప్పుకోలేదు

తేడా బోరులోనే (సిలిండరు వెడల్పులోనే) వచ్చింది. 302 అనే ఈ ఎనిమిది సిలిండర్ల ఇంజన్ అసలు బోరు 4.000 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.000, అంటే 301.6 క్యూబిక్ ఇంచులు. అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో జరిగే వేగ రికార్డు పరుగుల్లో ఇంజన్ సైజును బట్టి క్లాసులుంటాయి; డి క్లాస్ హద్దు 305.99. మీరు 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెంచి 4.030కి బోర్ చేయించాక అది 306.1 అయింది. ఆవగింజంత తేడాకే సి క్లాస్‌లో పడి 372 ఇంచుల దాకా ఉన్న ఇంజన్లతో తలపడాల్సి వస్తుంది.

లెక్క: బోరు × బోరు × 0.7854 × స్ట్రోకు × 8.

బోరు వెనక్కి రాదు. ఎనిమిది సిలిండర్లకూ స్లీవులు (లోపల దిగే కొత్త గొట్టాలు) వేయించడం దండగ ఖర్చు. స్ట్రోకు తగ్గించండి:

1. క్రాంకు రాడ్ జర్నళ్లను (క్రాంకు మీద పిస్టన్ రాడ్లు పట్టుకునే గుండ్రటి భాగాలను) 20 థౌ అండర్‌సైజుకి గ్రైండ్ చేయించండి. చాలామంది తప్పేది ఇక్కడే. ఉన్న కేంద్రం మీదే గ్రైండ్ చేస్తే సైజు తగ్గుతుంది గానీ స్ట్రోకు మారదు. జర్నల్ కేంద్రాన్ని మెయిన్ జర్నల్ (క్రాంకు తిరిగే ఇరుసు) వైపు 10 థౌ జరపమని షాపువాళ్లకు కాగితం మీద రాసివ్వండి, నోటిమాట చాలదు. స్ట్రోకు 2.980, ఇంజన్ 304.1 అవుతాయి.

2. 20 థౌ అండర్‌సైజు రాడ్ బేరింగులు వేయండి. బ్యాలెన్స్ మళ్లీ చూపించండి.

3. పిస్టన్ ఇప్పుడు 10 థౌ కిందే ఆగుతుంది. కంప్రెషన్ తగ్గకూడదంటే బ్లాకు డెక్ (హెడ్ కూర్చునే పైతలం) మీద అంతే తీయించండి.

4. హెడ్లు బిగించే ముందు స్ట్రోకును డయల్ గేజ్‌తో కొలవండి. రికార్డు వస్తే అధికారులూ కొలుస్తారు.

ఇంకో బ్లాకు తెస్తే 20 థౌ దగ్గర ఆగండి (304.6). 29 థౌకి కాగితం మీద 305.98 వస్తుంది గానీ హోనింగ్‌లో (సిలిండరు గోడలకు చివరి నునుపు పెట్టడంలో) చెయ్యి కాస్త జారితే మళ్లీ సి క్లాసే.