అడగండి, చెబుతాం: జూన్ 2 జెండా, సాగర్‌లో మనవలు

ప్రశ్న: మాది నాగార్జునసాగర్ హిల్ కాలనీ. చుట్టూ రిటైరైనవాళ్లమే. తెలంగాణ అవతరణ దినోత్సవం జూన్ 2 నాటికి బడులు తెరవరు కాబట్టి మనవలూ ఇక్కడే ఉంటారు. నిరుడు ఎంత లాగినా జెండా ముడి విడలేదు. పరువు పోయింది. ఎక్కడ తప్పుతున్నాం?

జవాబు: ఊడిపోతుందేమోనన్న భయంతో రెండో ముడి వేసి ఉంటారు. చాలాచోట్ల జరిగేది ఇదే. ఇంకోటి తడి పూలు. గుడ్డ తడిసి మడతలు అతుక్కుంటాయి. రేకులు ముందురాత్రే తుంపి ఆరబెట్టండి, పిడికెడు చాలు.

15 అడుగుల స్తంభానికి 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు జెండా సరిపోతుంది. తాడు 35 అడుగులు, నూలుదైతే మేలు. కొత్త నైలాన్ తాడు ముడి నిలవనివ్వదు. గిరకలో నాలుగు చుక్కల నూనె వేయండి.

కాషాయం పైకి వచ్చేలా రెండు కొసలూ తాడుకు కట్టాక, జెండాను నిలువున మడిచి, రేకులు పెట్టి, బయటి అంచు నుంచి తాడు వైపుకు చుట్టండి. జెండా అడుగు నుంచి కిందికి దిగే తాడును ఆ చుట్ట మీద రెండుసార్లు తిప్పండి. ఆ చుట్ల కిందుగా తాడును మడతపెట్టి దూర్చండి, కొసను దూర్చకండి. కొస దూరిస్తే అది ముడి, మడత దూరిస్తే జారుముడి. కింది నుంచి ఒక్క గుంజుకు విడిపోతుంది. ముందురోజు తువ్వాలు కట్టి రెండుసార్లు లాగి చూసుకోండి.

ఏడింటికే కానిచ్చేయండి. అప్పుడు ఎండ తూర్పు నుంచి అడ్డంగా కొడుతుంది, నెత్తిమీది షామియానా ఏం ఆపదు. తూర్పు పక్కన పరదా కట్టి, కుర్చీలు పడమరకు తిప్పండి. జాతీయ గీతం 52 సెకన్లే, పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడేది ఉపన్యాసాలప్పుడు. అందరికీ తలో గ్లాసు సల్ల ముందే ఇవ్వండి.

ప్రశ్న: జెండా రాత్రి దించాలా? చిరిగితే?

జవాబు: జెండా నియమావళికి 2022లో చేసిన సవరణతో రాత్రీ ఉంచొచ్చు. కానీ జూన్ గాలిదుమారానికి అంచులు పీలికలవుతాయి, సాయంత్రం మెల్లగా దించడమే మంచిది. చిరిగినదాన్ని చెత్తలో వేయకుండా, గౌరవంగా, చాటున కాల్చేయాలి.

ప్రశ్న: జెండా అయ్యాక పిల్లల్ని కృష్ణలో దించొచ్చా?

జవాబు: డ్యాం దిగువన వద్దు. కరెంటు కోసం నీళ్లు వదిలితే, మోకాలి లోతున్నచోటే కాసేపట్లో మట్టం పెరుగుతుంది, నాచు రాళ్ల మీద కాలు నిలవదు. బదులుగా లాంచీలో నాగార్జునకొండకు తీసుకెళ్లండి. శుక్రవారం అక్కడి మ్యూజియం మూసి ఉంటుంది. పైలాన్ (స్మారక స్తంభం) దగ్గర, 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాంకు పునాదిరాయి వేసిన సంగతి చెప్పండి. ప్రాజెక్టులో పనిచేసిన తాతలుంటే మాత్రం మాట వాళ్లకే వదిలేయండి.