కారు రోడ్డు మీద ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?

ఈ సంక్రాంతికి నరసన్నపేట వచ్చినప్పుడు మా పక్కింటి అమ్మాయి ఒక మాట అడిగింది. ఆగస్టులో అమెరికాలోని అట్లాంటాకు చదువుకు వెళ్తోంది. "మావయ్యా, అక్కడ క్రెడిట్ కార్డు ఉంటే రోడ్‌సైడ్ అసిస్టెన్స్, అంటే దారిలో కారు ఆగిపోతే వచ్చే సాయం, దానంతట అదే వస్తుందట కదా, మళ్ళీ డబ్బు కట్టి వేరే ప్లాన్ ఎందుకు?" అని.

నేను కూడా అక్కడ అదే నమ్మకంతో రెండేళ్ళు కారు నడిపాను. ఒక చలికాలం రాత్రి పదిన్నరకు, ఇంటికి నలభై మైళ్ళ దూరంలో, హైవే మీద కారు ఆగిపోయింది. వెనక సీట్లో మా ఆవిడ, ఏడాదిన్నర పాప. కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు. కారును లాక్కెళ్ళే ట్రక్కు (టో ట్రక్కు) పంపించడం వరకే తమ పని, ఖర్చు నాదేనన్నారు. మొదటి ఐదు మైళ్ళకు ఒక ధర, ఆపైన మైలుకు ఇంత అని చెప్పారు. గంటలో వస్తుందన్న ట్రక్కు అర్ధరాత్రి దాటాక వచ్చింది. వాళ్ళు అబద్ధమాడలేదు. ఉచితమని కార్డు కాగితాల్లో ఎక్కడా లేదు, నేనే చదవలేదు.

ఆ ఆలస్యం ఎందుకో తర్వాత తెలిసింది. మనం ఫోన్ చేసే కంపెనీకి చాలాసార్లు సొంత ట్రక్కులు ఉండవు. దగ్గర్లోని టోయింగ్ వాళ్ళకు కబురు చేస్తారు. వాళ్ళకు అప్పటికే వేరే పని ఉంటే మన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే.

అందుకే ఆ అమ్మాయికి ట్రిపుల్ ఏ సభ్యత్వం తీసుకోమన్నాను. ట్రిపుల్ ఏ అంటే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ (AAA), 1902లో మొదలైన సంస్థ. సభ్యత్వం కారుకు కాదు, మనిషికి. స్నేహితురాలి కారులో పక్కన కూర్చుని వెళ్తున్నా పనిచేస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు పిలవొచ్చు. అసలు చూడాల్సింది మైళ్ళు. మామూలు సభ్యత్వంలో కారును ఉచితంగా లాక్కెళ్ళేది కొద్ది మైళ్ళే, 'ప్లస్' అయితే 100 మైళ్ళు. ఊళ్ళు తిరిగే పిల్లలకు ప్లస్సే మంచిది. కారు ఆగిన తర్వాత అక్కడికక్కడే ప్లస్‌కి మారదామంటే ఆ 100 మైళ్ళు వెంటనే రావు.

ఇన్సూరెన్స్‌తో కలిపి తీసుకునేది చవకే, కానీ అది సాధారణంగా ఆ కారుకే. ఎన్ని మైళ్ళు, ఎన్ని డాలర్ల వరకు అని ఏజెంటును ముందే అడగాలి. కారు కంపెనీలు కూడా ఇస్తాయి: కొత్త టయోటాకు 2 ఏళ్ళు, హోండాకు 3, హ్యుందాయ్‌కి 5. మన పిల్లలు కొనేవి పాత బళ్ళు కాబట్టి ఆ గడువు చాలావరకు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇంకొకటి, డిక్కీ తెరిచి చూడండి. టైరు మార్చడానికి వచ్చేవాళ్ళు మన స్టెప్నీనే బిగిస్తారు. ఇప్పటి కార్లు చాలావాటిలో స్టెప్నీ ఉండదు. అప్పుడు పంక్చర్ పడ్డా కారును లాక్కెళ్ళాల్సిందే.

వాళ్ళ నాన్న టెక్కలి, పలాస వైపు వ్యాను నడుపుతారు. జాతీయ రహదారి మీద సాయానికి ఫోన్ చేసే నంబరు 1033 ఆయనకు నోటికొచ్చు. "అక్కడ అలాంటిది ఉండదా?" అన్నారు. ఉంది బావా. అట్లాంటా చుట్టుపక్కల హైవేల మీద 511కి ఫోన్ చేస్తే జార్జియా రాష్ట్ర ప్రభుత్వపు 'హీరో' సహాయ ట్రక్కు వస్తుంది. టైరు మార్చినా, బ్యాటరీకి జంప్ స్టార్ట్ ఇచ్చినా డబ్బు తీసుకోరు. కారు నడిలేన్‌లో ఆగిపోతే మాత్రం ముందు అత్యవసర నంబరు 911, ప్లాన్ సంగతి తర్వాత.

అమ్మాయికి ఈ ఒక్కటీ రెండుసార్లు చెప్పాను. పిలవకుండా వచ్చి ఆగే టో ట్రక్కుకు తాళం ఇవ్వొద్దు తల్లీ. నువ్వు పిలిచిన ట్రక్కే అయినా, ఎక్కడికి తీసుకెళ్తున్నారో, ఎంత తీసుకుంటారో కాగితం మీద రాసిచ్చేదాకా కారుకు కొక్కెం తగిలించనివ్వకు.