సూపర్ లీగ్‌ను సమర్థించే ముందు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఈమధ్యే మాంచెస్టర్ వచ్చాను. ఆఫీసులో భోజనాల దగ్గర యూరోపియన్ సూపర్ లీగ్ ప్రస్తావన వస్తే, "పెద్ద జట్లన్నీ ఒకచోట ఆడితే మంచిదే కదా, మా ఐపీఎల్ అలాగే నడుస్తోంది" అన్నాను. అందరూ ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. నేనన్నదాంట్లో తప్పేముంది?

జవాబు: తప్పేమీ లేదు గానీ, ఆ మాటకు అక్కడున్నవాళ్లు ఎందుకు నొచ్చుకున్నారో తెలియాలంటే 2021 ఏప్రిల్ 18న ఏం జరిగిందో తెలియాలి. ఆ ఆదివారం రాత్రి యూరప్‌లోని 12 పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు సొంతంగా లీగ్ పెట్టుకుంటున్నట్టు ప్రకటించాయి. వాటిలో సగం ఇంగ్లండ్‌వే. మీ ఊరి యునైటెడ్, సిటీ రెండూ అందులో ఉన్నాయి. రియల్ మాడ్రిడ్ అధ్యక్షుడు ఫ్లోరెంటినో పెరెజ్ దానికి సారథి, అప్పు సమకూర్చేది జేపీ మోర్గాన్ బ్యాంకు. మొత్తం 20 జట్లు ఆడే ఆ లీగ్‌లో 15 జట్లది శాశ్వత సభ్యత్వం, అంటే ఎంత ఘోరంగా ఓడినా వాటి స్థానానికి ఢోకా ఉండదు. మిగతా యూరప్ అంతా కలిసి పోటీపడవలసింది తక్కిన 5 స్థానాల కోసమే.

ఐపీఎల్ చూస్తూ పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2021లోనూ 2023లోనూ పట్టికలో అట్టడుగున నిలిచింది; అయినా మరుసటి ఏడాది అదే లీగ్‌లో ఆడింది, 2024లో ఫైనల్ దాకా వెళ్లింది. ఇక్కడి ఫుట్‌బాల్‌లో ఆ భరోసా ఎవరికీ లేదు. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లోని 20 జట్లలో చివరి మూడు ఏటా కింది డివిజన్‌కు పడిపోతాయి, అక్కడి నుంచి మూడు పైకి వస్తాయి. దాని కింద వరుసగా ఉన్న చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ డివిజన్లను కూడా కలుపుకుంటే 92 క్లబ్బులు. వాటి కిందా ఇంకా మెట్లున్నాయి. 2015లో దాదాపు పడిపోబోయిన లెస్టర్ సిటీ ఆ మరుసటి సీజన్‌లో ఏకంగా లీగ్ గెలిచింది, 2023లో మళ్లీ కిందికి జారింది. ఇక్కడివాళ్లకు ఆటలోని రుచంతా ఆ భయంలోనూ ఆ ఆశలోనూ ఉంది కాబట్టే, చివరి వారం 17వ స్థానం కోసం జరిగే పోరాటాన్ని కూడా ఫైనల్ అంత ఉద్వేగంతో చూస్తారు.

ప్రకటన వెలువడిన మర్నాడే, ఆ పన్నెండింట్లో ఒకటైన లివర్‌పూల్‌తో ఆడవలసిన లీడ్స్ ఆటగాళ్లు, యూరప్ స్థాయి పోటీల్లో ఆడే అర్హతను మైదానంలో సంపాదించుకోవాలని చెప్పే చొక్కాలతో ప్రాక్టీసుకు దిగారు. 20వ తేదీన చెల్సీ అభిమానులు సొంత జట్టు బస్సునే అడ్డగించారు. మాజీ గోల్‌కీపర్ పీటర్ చెక్ వచ్చి, కాస్త గడువివ్వమని బతిమాలవలసి వచ్చింది. ఆ రాత్రి తెల్లారేలోపే ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ తప్పుకుంటున్నట్టు తెలిపాయి.

జర్మనీ క్లబ్బులైన బయర్న్ మ్యూనిక్, డార్ట్‌మండ్ మొదటి నుంచీ దూరంగానే ఉన్నాయి. అక్కడ కొద్ది క్లబ్బులు మినహా అన్నింటా ఓటింగ్ హక్కుల్లో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. ఇంగ్లండ్‌లో కొన్నవాడిదే క్లబ్బు, మీ సహోద్యోగుల కోపానికి అసలు మూలం అదే. మీకు పక్కనే ఉన్న బరీ పట్టణపు క్లబ్బు 1885లో పుట్టింది, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచింది. క్లబ్బును నడపగలనని యజమాని తగిన హామీలు చూపలేకపోవడంతో 2019 ఆగస్టులో దాన్ని లీగ్ నుంచి బహిష్కరించారు. బ్లాక్‌బర్న్ రోవర్స్ కథ మనకు ఇంకా దగ్గరిది. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన ఆ క్లబ్బును 2010లో పుణెకు చెందిన కోళ్ల వ్యాపార సంస్థ వెంకీస్ కొన్నది. ఆ సంస్థను స్థాపించిన బి.వి. రావు తెలుగువారు. 2012లో కిందికి పడిన జట్టు ఆ తరువాత ప్రీమియర్ లీగ్ ముఖం చూడలేదు, యజమానుల మీద అభిమానుల కోపమూ చల్లారలేదు. ఆ ప్రాంతపువాళ్లు మీతో ఈ మాట ఎత్తితే, మనవాళ్లన్న మొహమాటంతో వాదనకు దిగకండి.

అలాగని ఇంగ్లండ్‌వాళ్ల ఆగ్రహమంతా నిష్కల్మషమైనదని నేననను. 1992లో అగ్రశ్రేణి క్లబ్బులన్నీ టీవీ సొమ్ము కోసం పాత ఫుట్‌బాల్ లీగ్ నుంచి విడిపోయి పెట్టుకున్నదే నేటి ప్రీమియర్ లీగ్. కాకపోతే కిందికి పడే దారిని, పైకి వచ్చే దారిని మూయలేదు. ఆ లీగ్ రాబడి చూసి స్పెయిన్, ఇటలీ క్లబ్బులు బెంబేలెత్తడంలో అర్థం ఉంది. యూరప్ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ యూఈఎఫ్ఏ కూడా తక్కువ తినలేదు: 2024 నుంచి యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌ను 36 జట్లకు పెంచి, తొలి దశలోనే ఒక్కొక్క జట్టుకు 8 మ్యాచ్‌లు పెట్టింది. కొత్త పోటీలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన యూఈఎఫ్ఏ, ఫిఫా నియమాలు వ్యాపార పోటీకి సంబంధించిన చట్టానికి విరుద్ధమని 2023 డిసెంబరు 21న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. అంతమాత్రాన సూపర్ లీగ్‌కు అనుమతి ఇచ్చినట్టు కాదని కూడా స్పష్టం చేసింది. ఇంగ్లండ్‌లో మాత్రం 2025లో వచ్చిన చట్టం స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసి, ఇలాంటి లీగ్‌లలో క్లబ్బులు చేరకుండా నిషేధించే అధికారం దానికి ఇచ్చింది.

కాబట్టి ఈసారి చర్చ వచ్చినప్పుడు ఐపీఎల్‌ను పక్కన పెట్టి, ఎదుటివారి క్లబ్బు ఏదో, అది ఏ డివిజన్ దాకా పడి లేచిందో అడగండి. వీలైతే ఒక శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌కు స్టాక్‌పోర్ట్ వెళ్లండి. పికడిలీ స్టేషన్ నుంచి రైలులో పది నిమిషాలు, దిగాక ఎడ్జ్‌లీ పార్క్ మైదానానికి నడిచిపోవచ్చు. 2013లో ఆరో శ్రేణికి పడిపోయిన స్టాక్‌పోర్ట్ కౌంటీ 2024లో మూడో శ్రేణికి ఎగబాకింది. టికెట్ సొంత జట్టు అభిమానుల వైపు కొనుక్కోండి, యునైటెడ్ కండువా గానీ సిటీ కండువా గానీ మెడలో వేసుకుని మాత్రం వెళ్లకండి.