జిప్సం గోడకు బరువు వేలాడదీయాలంటే

ప్రశ్న: డాలస్‌లో కొత్త ఇంట్లోకి మారాం. 55 అంగుళాల టీవీని ముందుకు లాగి పక్కకు తిప్పుకునే బ్రాకెట్‌తో గోడకు బిగించాలి. టీవీ బరువు 20 కిలోలు. డ్రైవాల్ యాంకర్ల (జిప్సం బోర్డు గోడలో స్క్రూ పట్టు కోసం వేసే బిగింపుల) డబ్బా మీద ఒక్కోటి 40 కిలోలు మోస్తుందని రాసుంది. నాలుగు వేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండీ. డబ్బా మీద వేసేది సాధారణంగా పరీక్షలో యాంకర్ ఊడిపోయిన బరువు. వాడకానికి అందులో నాలుగో వంతే లెక్కేసుకోవాలి. అసలు చిక్కు బ్రాకెట్ చెయ్యితో వస్తుంది. టీవీని గోడ నుంచి 50 సెంటీమీటర్లు బయటికి లాగారనుకోండి. పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య దూరం 25 సెంటీమీటర్లయితే, పై బోల్టులను గోడలోంచి బయటికి పీకే బలం 40 కిలోలు అవుతుంది. టీవీ తిప్పిన ప్రతిసారీ ఆ లాగుడు అటూ ఇటూ మారుతుంది, కన్నం చుట్టూ జిప్సం పొడిపొడిగా రాలుతుంది. నెల రోజులు గట్టిగానే ఉన్నట్టు ఉండి, ఒక రోజు మొత్తం చేతికొచ్చేస్తుంది.

కాబట్టి స్టడ్‌కే, అంటే బోర్డు వెనక నిలువుగా ఉండే చెక్కకే బిగించండి. సాధారణంగా ఈ స్టడ్‌ల మధ్య దూరం కేంద్రం నుంచి కేంద్రానికి 16 అంగుళాలు, కొన్ని గోడల్లో 24. గోడ తట్టి కనిపెట్టేస్తామంటారు గానీ, దాన్ని నమ్మొద్దు. చిన్న అయస్కాంతాన్ని గోడ మీద జరుపుతూ పోతే బోర్డు స్క్రూ తలల దగ్గర అంటుకుంటుంది. అవి నిలువుగా ఒకే వరసలో దొరికితే అక్కడ స్టడ్ ఉన్నట్టే. స్టడ్ వెడల్పు ఒకటిన్నర అంగుళమే. బ్రాకెట్ ప్లేటు కప్పేసే చోట సన్నటి మేకు గుచ్చి రెండు అంచులూ చూసుకుని, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టండి. అంచున పడిన బోల్టు చెక్కను చీల్చేస్తుంది.

5/16 అంగుళం మందం, రెండున్నర అంగుళాల పొడవున్న లాగ్ బోల్టులు (చెక్కలోకి తిప్పే లావుపాటి స్క్రూలు) కావాలి. అరంగుళం బోర్డు పోగా దాదాపు రెండంగుళాలు చెక్కలో దిగుతాయి. ముందు 3/16 బిట్‌తో కన్నం చేసి, వాషర్ వేసి, చేతి స్పానర్‌తో తిప్పండి. ప్లేటు కదలడం ఆగితే చాలు, ఇంకా బిగిస్తే బోర్డు నలుగుతుంది. సాకెట్లు, స్విచ్చులకు నేరుగా పైనా కిందా వైర్లు పోతుంటాయి, అక్కడ డ్రిల్ పెట్టొద్దు. బిట్ ఇనుముకు తగిలి ఆగిపోయిందా, ఇక నొక్కకండి. అది వైరుకో పైపుకో అడ్డంగా కొట్టిన రేకు కావచ్చు.

స్టడ్‌లు టీవీ మధ్యకు రాకపోతే, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను రెండు స్టడ్‌లకు కలిపి బిగించి, దాని మీద బ్రాకెట్ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఫ్లాట్ జిప్సం పార్టిషన్‌కు కొట్టించిన పుస్తకాల అర గిట్టీలతో సహా ఊడొచ్చింది. పెద్ద గిట్టీలు వేయిస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు. గిట్టీ ఇటుకలో ఉబ్బి పట్టుకునే వస్తువు, జిప్సంలో ఉబ్బితే చుట్టూ పొడైపోతుంది. మీటరు పొడవు అరలో పుస్తకాలు నింపితే 25, 30 కిలోలు ఉంటుంది. మన పార్టిషన్లలో లోపల ఉండేవి ఎక్కువగా అర మిల్లీమీటరు మందం రేకుతో చేసిన జీఐ ఛానళ్లు (జింకు పూత ఇనుప పట్టీలు), దాదాపు 60 సెంటీమీటర్లకు ఒకటి. అంత పల్చటి రేకులో స్క్రూ మరలకు పట్టు తక్కువ.

అర వచ్చే ఎత్తులో బోర్డును ఒక ఛానల్ మధ్య నుంచి పక్క ఛానల్ మధ్య దాకా కోయించండి. లోపల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అమర్చి, రెండు వైపులా ఛానళ్లకు స్క్రూలు వేయించండి. పైన బోర్డు ముక్క మూసి, అతుకుల మీద టేపు అంటించి, జాయింట్ కాంపౌండ్ (అతుకు నింపే ముద్ద) పట్టించి రంగు వేస్తే అతుకు కనపడదు. మూసే ముందు కొలత టేపు పెట్టి ఫొటో తీసుకోండి, తర్వాత ప్లైవుడ్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

ఫొటో ఫ్రేము, గడియారం లాంటి తేలికవాటికి ఇదంతా అనవసరం, ఒక టాగుల్ బోల్టు (బోర్డు వెనక రెక్కలు విచ్చుకుని పట్టుకునేది) చాలు. గీజర్ మాత్రం ఈ పార్టిషన్‌కు వద్దే వద్దు. 25 లీటర్లదైతే నీళ్లే 25 కిలోలు, డబ్బా బరువు అదనం. దాన్ని ఇటుక గోడకే పెట్టించండి.